విత్తు ముందా, చెట్టు ముందా? ఇంట్లోనే కట్టుకోగల మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామర్

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నైలోని రిచీ స్ట్రీట్, ముంబయిలోని ల్యామింగ్టన్ రోడ్డు... ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాలు వరుసగా ఉండే ఇలాంటి ఏ వీధిలో అడిగినా ఏటీమెగా8 అనే చిప్ దొరుకుతుంది. 28 కాళ్లున్న ఆ నల్లటి ముక్కలో ఒక చిన్న కంప్యూటర్ మొత్తం ఇమిడి ఉంటుంది. కానీ కొని తెచ్చిన రోజున దానికి ఏ పనీ రాదు. ప్రోగ్రామ్ కోసం కేటాయించిన 8 కిలోబైట్ల మెమరీలో 65,536 బిట్‌లు ఉంటాయి. వాటన్నింటిలోనూ ‘1’ తప్ప మరేమీ ఉండదు. ఇంకా ఏమీ రాయని పలక అది.

ఆ పలక మీద రాసే పరికరాన్నే ప్రోగ్రామర్ అంటారు. ప్రోగ్రాములు రాసే మనిషికీ అదే పేరు ఉండటం కొత్తవారిని కాస్త తికమక పెడుతుంది. ఇక్కడ చెప్పుకుంటున్నది మాత్రం కంప్యూటర్‌కూ చిప్‌కూ మధ్య కూర్చునే చిన్న సర్క్యూట్ గురించి. చాలా కళాశాలల ల్యాబుల్లో ఇది ఒక మూసిన పెట్టె. చిప్‌ను అందులో బిగిస్తారు, తెర మీద ఒక బటన్ నొక్కుతారు, పని అయిపోతుంది. పని కానప్పుడే అసలు ఇబ్బంది. లోపం చిప్‌లో ఉందా, తీగలో ఉందా, పెట్టెలో ఉందా అన్నది లోపల ఏం జరుగుతుందో తెలియనివారికి అంతుపట్టదు. మంచి చిప్‌లు చెడిపోయాయనుకుని చెత్తబుట్టలో పడేది చాలాసార్లు ఈ అయోమయంలోనే.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. డబ్బు మిగులుతుందని ప్రోగ్రామర్‌ను ఇంట్లో కట్టుకోవాల్సిన పని లేదు. తయారైన బోర్డు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. విడిభాగాలు ఒక్కొక్కటిగా కొంటే ఖర్చు అంతే కావచ్చు, ఎక్కువైనా కావచ్చు. లాభం మరోచోట ఉంది. ఈ సర్క్యూట్ కట్టినవారికి చిప్‌తో మాట్లాడే భాష తెలుస్తుంది.

కిటికీ ఉన్న చిప్‌ల నుంచి ఐదు వోల్టుల వరకు

ఈ పని ఇంట్లో సాధ్యమయ్యే స్థాయికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. చెరిపి మళ్లీ రాయగల ఈప్రామ్ మెమరీని ఇంటెల్ సంస్థలో డవ్ ఫ్రోమన్ 1971లో రూపొందించారు. దాని నెత్తిన క్వార్ట్జ్ కిటికీ ఉండేది. చెరపాలంటే ఆ కిటికీ గుండా అతినీలలోహిత కాంతిని పదిహేను ఇరవై నిమిషాలు పడనివ్వాలి. రాయాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. 1980లో వచ్చిన 8051 కుటుంబంలోని 8751 చిప్‌కు 21 వోల్టులు అవసరమయ్యేవి. పైగా అడ్రస్‌కు కొన్ని, డేటాకు కొన్ని చొప్పున డజన్ల కొద్దీ కాళ్లకు ఒకేసారి సంకేతాలు అందించాలి. అలాంటి ప్రోగ్రామర్‌ను కట్టడం ఒక చిన్న పరిశ్రమ నడిపినంత పని.

ఫ్లాష్ మెమరీ రావడంతో కిటికీ అవసరం తీరింది. ఆ తర్వాత రాతకు కావలసిన అధిక వోల్టేజీని చిప్ తన లోపలే పుట్టించుకోవడం మొదలైంది. బయటి నుంచి 5 వోల్టులు ఇస్తే చాలు. డజన్ల కొద్దీ కాళ్ల స్థానంలో ఒకదాని వెనుక ఒకటిగా బిట్‌లు నడిచే నాలుగు తీగలు వచ్చాయి. చిప్‌ను బోర్డు మీద నుంచి ఊడదీయకుండానే రాసే వీలు కలిగింది. ఏటీమెగా8 ఉన్న ఏవీఆర్ కుటుంబం ఈ పద్ధతినే వాడుతుంది. దాన్ని తయారు చేసిన ఆట్మెల్ సంస్థ 2016 నుంచి మైక్రోచిప్‌లో భాగం.

నాలుగు తీగలు, నాలుగు బైట్లు

ఆ నాలుగు తీగల్లో ఒకటి రీసెట్. దాన్ని సున్నా వోల్టుల దగ్గర పట్టి ఉంచితే చిప్ తన సొంత పని ఆపి, చెప్పేది వినడానికి సిద్ధమవుతుంది. రెండోది గడియారపు తీగ, ఎస్‌సీకే. మూడోది మోసీ, దీని మీద ప్రోగ్రామర్ మాట చిప్‌కు వెళ్తుంది. నాలుగోది మీసో, దీని మీద చిప్ జవాబు వెనక్కి వస్తుంది. వీటికి తోడు విద్యుత్ కోసం ఒక తీగ, గ్రౌండ్ కోసం ఒకటి ఎలాగూ ఉంటాయి.

రెండు చేదలు కట్టిన గిలక బావిని ఊహించుకుంటే ఈ సంభాషణ అర్థమవుతుంది. ఒక చేద దిగుతుంటే రెండోది పైకి వస్తుంది. గడియారపు తీగ ఒక్కసారి పైకి లేచి దిగితే ఒక బిట్ చిప్‌లోకి వెళ్తుంది, అదే సమయంలో ఒక బిట్ బయటికి వస్తుంది. ప్రతి ఆదేశానికీ సరిగ్గా నాలుగు బైట్లు, అంటే 32 బిట్‌లు. గిలక 32 సార్లు తిరగాలన్నమాట.

మొదటి ఆదేశం తలుపు తట్టడం లాంటిది. విద్యుత్ ఇచ్చి, రీసెట్‌ను కిందికి లాగి, కనీసం 20 మిల్లీసెకన్లు ఆగాలి. తర్వాత 10101100, 01010011 అనే రెండు బైట్లు పంపి, వాటి వెనుక మరో రెండు బైట్లు పంపాలి. మూడో బైటు వెళ్తున్నప్పుడు చిప్ తాను విన్న రెండో బైటును, అంటే 01010011ను, తిరిగి పలుకుతుంది. ఆ పలుకు వినిపిస్తే ఇద్దరి లెక్కా కలిసినట్టే. వినిపించకపోతే రీసెట్‌ను ఒకసారి పైకి లేపి దించి మళ్లీ మొదలుపెట్టాలి. ‘పరికరం స్పందించడం లేదు’ అంటూ తెర మీద కనిపించే సందేశానికి అసలు అర్థం ఇంతే. ఆ ఒక్క బైటు తిరిగి రాలేదు.

తలుపు తెరుచుకున్నాక చిప్ పేరు అడగాలి. ప్రతి రకం చిప్‌లోనూ మూడు బైట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఏటీమెగా8 అయితే 30, 147, 7 అని చెబుతుంది. ఆర్డువినో ఉనో బోర్డుల్లో కనిపించే ఏటీమెగా328పీ అయితే 30, 149, 15. మొదటి సంఖ్య తయారీదారుది కాబట్టి రెండింటిలోనూ ఒకటే. మూడు స్థానాల్లోనూ 255 వస్తే, లేదా మూడు సున్నాలు వస్తే, చిప్‌ను తప్పుపట్టే ముందు తీగలను సరిచూడాలి. మీసో తీగ ఊడిపోయి ఉండటానికే ఎక్కువ అవకాశం.

తర్వాత చెరపడం, రాయడం. ఏటీమెగా8లో మెమరీ 64 బైట్ల పుటలుగా విడిపోయి ఉంటుంది, అలాంటివి 128. ఒక్కో బైటును ఒక్కో ఆదేశంతో తాత్కాలిక పుటలో నింపి, పుట నిండాక ‘ఇప్పుడు రాయి’ అని చెప్పి, సుమారు 4.5 మిల్లీసెకన్లు ఆగాలి. ఏ బైటు ఎక్కడికి వెళ్లాలన్నది కంపైలర్ ఇచ్చిన ఫైలులో ఉంటుంది. ఇంటెల్ హెక్స్ అని పిలిచే ఆ ఫైలులో ప్రతి వరుసా కోలన్ గుర్తుతో మొదలై, బైట్ల లెక్క, చిరునామా, రకం, సమాచారం, చివర ఒక సరిచూపు బైటుతో ముగుస్తుంది. వరుసలోని బైట్లన్నీ కూడితే వచ్చే మొత్తం 256తో శేషం లేకుండా భాగించబడాలి. ఫైలు చిట్టచివరి వరుసే దీనికి సులువైన ఉదాహరణ: 0, 0, 0, 1, 255. మొత్తం 256.

వేగం దగ్గర వచ్చే చిక్కు

ఇక్కడే కొత్తవారు ఎక్కువగా తడబడతారు. గడియారపు తీగ ప్రతి స్థితిలోనూ, పైన ఉన్నా కింద ఉన్నా, చిప్ సొంత గడియారంలో కనీసం రెండు టిక్కుల కంటే ఎక్కువసేపు నిలవాలి. అంటే ప్రోగ్రామర్ వేగం చిప్ వేగంలో నాలుగో వంతుకు లోపే ఉండాలి. కర్మాగారం నుంచి వచ్చే ఏటీమెగా8 తన లోపలి 1 మెగాహెర్ట్జ్ గడియారంతో నడుస్తుంది. కాబట్టి 250 కిలోహెర్ట్జ్ దాటకూడదు. చాలామంది వాడే యూఎస్‌బీఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్ మామూలుగా 375 కిలోహెర్ట్జ్‌తో మాట్లాడుతుంది. కొత్త చిప్‌కు ఆ వేగం అందదు, జవాబు రాదు.

అందుకే మూల డిజైనులో ‘నెమ్మది’ జంపర్ ఒకటి పెట్టారు. దాన్ని కలిపితే వేగం సుమారు 8 కిలోహెర్ట్జ్‌కు పడిపోతుంది. దానికి మూల్యం ఎంతో లెక్కేయడం కష్టమేమీ కాదు. 8,192 బైట్లకు ఒక్కోదానికి 32 టిక్కుల చొప్పున 2,62,144 టిక్కులు కావాలి. 375 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక సెకను కూడా పట్టని ఈ పని, 8 కిలోహెర్ట్జ్ దగ్గర అర నిమిషం దాటుతుంది. మార్కెట్లో దొరికే కొన్ని చవక బోర్డుల మీద ఆ జంపర్‌కు పిన్నులే బిగించరు, రెండు ఖాళీ చిల్లులు మాత్రం కనిపిస్తాయి. సర్క్యూట్ తెలిసినవారు అక్కడ రెండు పిన్నులు సోల్డర్ చేసుకుని ముందుకు సాగుతారు.

ఎనిమిది టిక్కుల్లో ఒక బిట్

ప్రోగ్రామర్‌కు రెండో వైపు కంప్యూటర్ ఉంటుంది. ఒకప్పుడు ఈ వైపు చాలా తేలిక. కంప్యూటర్ వెనుక ఉండే 25 పిన్నుల ప్రింటర్ పోర్టులోని తీగలను సాఫ్ట్‌వేర్ నేరుగా పైకీ కిందికీ ఆడించగలిగేది. నాలుగైదు రెసిస్టర్లు, ఒక రిబ్బన్ కేబుల్ ఉంటే ప్రోగ్రామర్ సిద్ధం. పొరపాటున షార్ట్ అయితే మదర్‌బోర్డు పోర్టే కాలిపోయేది, అది వేరే విషయం. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు లేదు. యూఎస్‌బీని ప్రింటర్ పోర్టుగా మార్చే కేబుల్ కొన్నా లాభం ఉండదు. అది ప్రింటర్‌తో మాట్లాడుతుందే తప్ప ఒక్కో తీగను విడిగా ఆడించనివ్వదు.

కాబట్టి యూఎస్‌బీతోనే మాట్లాడాలి. ఏటీమెగా8లో యూఎస్‌బీ హార్డ్‌వేర్ లేదు. లేని హార్డ్‌వేర్ పనిని సాఫ్ట్‌వేర్‌తో చేయించిన పద్ధతే ఈ డిజైన్‌లోకెల్లా అందమైన భాగం. వియన్నాకు చెందిన ఆబ్జెక్టివ్ డెవలప్‌మెంట్ సంస్థ రూపొందించిన వీ-యూఎస్‌బీ అనే ప్రోగ్రామ్ భాగం మామూలు ఏవీఆర్ చిప్‌ను యూఎస్‌బీ పరికరంగా నటింపజేస్తుంది. యూఎస్‌బీలోని అతి తక్కువ వేగం సెకనుకు 15 లక్షల బిట్‌లు. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో నడిచే చిప్‌కు ఒక్కో బిట్‌కు దొరికేది ఎనిమిది టిక్కులు మాత్రమే. ఆ ఎనిమిదింటిలోనే తీగను చూడాలి, బిట్ మారిందా లేదా తేల్చాలి, మధ్యలో చొప్పించిన అదనపు బిట్‌లను ఏరివేయాలి, మిగిలినదాన్ని దాచుకోవాలి. టిక్కు టిక్కూ లెక్కపెట్టి అసెంబ్లీ భాషలో రాసిన కోడ్ అది.

దీన్ని ఆధారం చేసుకుని థామస్ ఫిష్ల్ రూపొందించి, సర్క్యూట్‌తో సహా అందరికీ ఉచితంగా విడుదల చేసిన ప్రోగ్రామరే యూఎస్‌బీఏఎస్‌పీ. భాగాలన్నీ అరచేతిలో పడతాయి. ఒక ఏటీమెగా8, 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, దానికి రెండు 22 పికోఫారడ్ కెపాసిటర్లు, విద్యుత్‌ను నిలకడగా ఉంచడానికి 0.1 మైక్రోఫారడ్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు చెరొకటి, రెండు ఎల్‌ఈడీలు, పది దాకా రెసిస్టర్లు, ఒక పాత యూఎస్‌బీ కేబుల్.

వీటిలో జాగ్రత్తగా ఎంచుకోవాల్సింది రెండు 3.6 వోల్టుల జీనర్ డయోడ్‌లను. యూఎస్‌బీ డేటా తీగలు 3.3 వోల్టుల దగ్గర పనిచేస్తాయి. 5 వోల్టులతో నడిచే చిప్ నేరుగా కలిస్తే కంప్యూటర్ వైపు భరించాల్సిన దానికంటే ఎక్కువ వెళ్తుంది. 68 ఓమ్‌ల రెసిస్టర్, జీనర్ కలిసి దాన్ని అడ్డుకుంటాయి. దుకాణదారు ‘గట్టిగా ఉంటుంది’ అని 1 వాట్ జీనర్ ఇస్తే తీసుకోకూడదు. పెద్ద జీనర్‌కు సొంత కెపాసిటెన్స్ ఎక్కువ. ఎనిమిది టిక్కుల బిట్ అంచులను అది మొద్దుబారుస్తుంది, కంప్యూటర్ పరికరాన్ని గుర్తించదు. అర వాట్ లేదా అంతకంటే చిన్నది కావాలి. డీ మైనస్ అనే తీగను 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో 5 వోల్టులకు కలపాలి. వచ్చింది తక్కువ వేగపు పరికరమని కంప్యూటర్ తెలుసుకునేది ఆ రెసిస్టర్ వల్లే. పొరపాటున డీ ప్లస్‌కు కలిపితే వేగవంతమైన పరికరం వచ్చిందనుకుని పలకరిస్తుంది, జవాబు అందక వదిలేస్తుంది. జీనర్‌లతో చేసే ఈ సర్దుబాటు యూఎస్‌బీ ప్రమాణాలకు అక్షరాలా లోబడినది కాదు, పని మాత్రం చేస్తుంది.

సోల్డరింగ్ పూర్తయ్యాక కేబుల్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టే ముందు, 5 వోల్టుల తీగకూ గ్రౌండ్‌కూ మధ్య షార్ట్ లేదని మల్టీమీటర్‌తో చూసుకోవాలి. మొదటిసారి విద్యుత్ ఇవ్వడానికి ల్యాప్‌టాప్ కంటే పాత ఫోన్ ఛార్జర్ మేలు.

మొదటి చిప్‌కు ఎవరు చెప్పాలి?

సర్క్యూట్ సిద్ధమైంది. కానీ అందులో బిగించిన ఏటీమెగా8 కూడా దుకాణం నుంచి వచ్చిన ఖాళీ పలకే. యూఎస్‌బీతో ఎలా మాట్లాడాలో దానికి ఇంకా తెలియదు. తెలియజెప్పాలంటే ప్రోగ్రామర్ కావాలి. ప్రోగ్రామర్ తయారు కావాలంటే ప్రోగ్రామర్ కావాలి! విత్తు ముందా, చెట్టు ముందా?

ఇప్పటి సులువైన మార్గం ఆర్డువినో ఉనో. దానితో వచ్చే ‘ఆర్డువినో ఐఎస్‌పీ’ అనే ఉదాహరణ ప్రోగ్రామ్‌ను ఎక్కిస్తే అదే తాత్కాలిక ప్రోగ్రామర్ అవుతుంది. ఉనోలోని 10వ పిన్‌ను ఏటీమెగా8 ఒకటో కాలికి (రీసెట్), 11ను 17కు (మోసీ), 12ను 18కి (మీసో), 13ను 19కి (ఎస్‌సీకే) కలపాలి. 7, 20 కాళ్లకు 5 వోల్టులు, 8, 22 కాళ్లకు గ్రౌండ్. ఉనో రీసెట్ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. లేకపోతే కంప్యూటర్ పలకరించిన ప్రతిసారీ ఉనో తనంతట తానే రీసెట్ అయిపోతుంది. ప్రోగ్రామ్ ఎక్కించిన తర్వాతే దాన్ని పెట్టాలి, ముందే పెడితే ఆ ప్రోగ్రామ్ కూడా ఎక్కదు.

మరి ఉనోలోని చిప్‌కు ఎవరు నేర్పారు? తయారీలో మరో ప్రోగ్రామర్ ఒక చిన్న బూట్‌లోడర్‌ను రాసింది. ఆ ప్రోగ్రామర్‌లోని చిప్‌కు ఇంకొకటి. గొలుసును ఇలా వెనక్కి లాగుతూ పోతే చివరికి మనిషి వేళ్లు కనిపిస్తాయి. 1975 నాటి ఆల్టెయిర్ 8800 కంప్యూటర్ ముందు పలకపై వరుసగా స్విచ్‌లు ఉండేవి. ఒక్కో బైటును ఆ స్విచ్‌లతో అమర్చి మెమరీలోకి పంపేవారు.

ఆ దారి ఈ రోజుకీ మూసుకుపోలేదు. ఏవీఆర్ చిప్ గడియారపు తీగకు గరిష్ఠ వేగం ఉంది కానీ కనిష్ఠ వేగం లేదు. టిక్కుకూ టిక్కుకూ మధ్య టీ తాగి వచ్చినా చిప్ ఎదురుచూస్తూనే ఉంటుంది. కాబట్టి మోసీకి ఒక స్విచ్, ఎస్‌సీకేకు ఒక బటన్, మీసోకు రెసిస్టర్‌తో ఒక ఎల్‌ఈడీ పెట్టి, సిద్ధాంతపరంగా చిప్‌తో చేత్తోనే మాట్లాడవచ్చు. తలుపు తట్టడానికి 32 నొక్కులు, గుర్తింపు సంఖ్యలు మూడింటికి 96, మొత్తం 128. మొదటి గుర్తింపు బైటు వచ్చేటప్పుడు ఎల్‌ఈడీ మూడు బిట్‌లు ఆరి ఉండి, నాలుగు బిట్‌లు వెలిగి, చివరి బిట్‌కు ఆరిపోతే చిప్ ‘30’ అన్నట్టు. ద్విసంఖ్యామానంలో 30ను 00011110 అని రాస్తారు కదా. అయితే మామూలు బటన్ పనికిరాదు. నొక్కిన ప్రతిసారీ దాని లోహపు రేకులు కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి తగులుతాయి, చిప్ ఒక్క నొక్కును పదిగా లెక్కిస్తుంది. రెసిస్టర్, కెపాసిటర్, 74హెచ్‌సీ14 చిప్ కలిపి ఆ అదురును తుడిచెయ్యాలి. వంద బైట్ల ప్రోగ్రామ్‌ను ఇలా రాయాలంటే 3,328 నొక్కులు పడతాయి, అందులో ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికే. ఎవరూ ఇలా చేయనవసరం లేదు. కానీ గుర్తింపు సంఖ్య దాకా చేత్తో చదివి చూసిన విద్యార్థికి ఆ మూసిన పెట్టె మళ్లీ మంత్రంలా కనిపించదు.

ఫ్యూజ్‌ల దగ్గర ఆచితూచి

చిప్‌లో ప్రోగ్రామ్ కాకుండా ఫ్యూజ్‌లు అనే కొన్ని ప్రత్యేక బిట్‌లు ఉంటాయి. గడియారం లోపలిదా బయటి క్రిస్టలా, రీసెట్ కాలు రీసెట్‌గానే ఉండాలా అన్నవి ఇవే నిర్ణయిస్తాయి. వీటిలో ‘0’ అంటే అమలులో ఉన్నట్టు, ‘1’ అంటే లేనట్టు. మామూలు ఆలోచనకు తలకిందులైన ఈ లెక్కే ఎన్నో చిప్‌లను మూగవాటిని చేసింది.

గడియారపు ఫ్యూజ్ తప్పితే చిప్ బయటి గడియారం కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. 9వ కాలికి మరో సర్క్యూట్ నుంచి గడియారపు సంకేతం ఇస్తే చాలాసార్లు మళ్లీ పలుకుతుంది. రీసెట్‌ను రద్దు చేసే ఫ్యూజ్ అంత దయ చూపదు. తలుపు తట్టే తీగే పోయినట్టు కాబట్టి, 12 వోల్టులిచ్చి ఎన్నో కాళ్లతో మాట్లాడే పాత పద్ధతి తప్ప మార్గం లేదు. అందుకే ముందు ప్రోగ్రామ్ ఎక్కించి, సరిచూసుకుని, ఫ్యూజ్‌లను చివర మార్చాలి. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కు మార్చిన మరుక్షణం నుంచి 9, 10 కాళ్లకు క్రిస్టల్ లేకుండా ఆ చిప్ దేనికీ జవాబివ్వదు. అది చెడిపోవడం కాదు.

8051 వాడేవారి కోసం

మన కళాశాలల పాఠాల్లో ఇప్పటికీ 8051దే పెద్దపీట. ఏటీ89ఎస్52 చిప్ కూడా నాలుగు తీగల భాషే మాట్లాడుతుంది, తలుపు తట్టే మొదటి రెండు బైట్లు కూడా అవే. తేడాలు మూడు. జవాబు 01101001గా నాలుగో బైటు సమయంలో వస్తుంది. రీసెట్‌ను కిందికి కాక పైకి లాగాలి. బయటి క్రిస్టల్ తప్పనిసరి, ప్రోగ్రామర్ వేగం ఆ క్రిస్టల్ వేగంలో 16వ వంతుకు లోపు ఉండాలి. మామూలు యూఎస్‌బీఏఎస్‌పీకి రీసెట్‌ను తలకిందులు చేయడం తెలియదు కాబట్టి మార్చిన ఫర్మ్‌వేర్ కావాలి. పేరులో ‘ఎస్’ బదులు ‘సీ’ ఉన్న పాత ఏటీ89సీ51కు ఈ సౌకర్యమే లేదు. కొనేటప్పుడు ఆ ఒక్క అక్షరం చూసుకోవాలి. పిక్ చిప్‌ల దారి వేరు. పిక్16ఎఫ్84ఏకు రెండే సంకేత తీగలు చాలు, కానీ రీసెట్ కాలికి 13 వోల్టుల దాకా ఇవ్వాలి. యూఎస్‌బీ ఇచ్చే ఐదు వోల్టులను పెంచే సర్క్యూట్ అదనంగా కట్టాలి.

3.3 వోల్టుల సెన్సర్లున్న బోర్డులతో మరో జాగ్రత్త. కొన్ని చవక ప్రోగ్రామర్ల మీద ఉండే 3.3 వోల్టుల జంపర్ విద్యుత్ తీగను మాత్రమే మారుస్తుంది, సంకేతాల తీగలు 5 వోల్టుల దగ్గరే ఉంటాయి. సెన్సర్‌ను కలిపే ముందు మోసీ తీగ మీద మల్టీమీటర్ పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంట్లో కట్టిన బోర్డు మొదటిసారి పనిచేసి, కొత్త చిప్ నుంచి 30, 147, 7 అన్న జవాబు తెచ్చాక ఉనోను విప్పి పక్కన పెట్టుకోవచ్చు. మూల డిజైన్‌లోనే ఉన్న ‘స్వీయ ప్రోగ్రామింగ్’ జంపర్‌ను రెండో బోర్డు మీద కలిపి, రెండు బోర్డుల కనెక్టర్లనూ ఒక రిబ్బన్ కేబుల్‌తో జోడిస్తే, మొదటిది రెండోదానికి యూఎస్‌బీ భాష నేర్పుతుంది. ఆ తర్వాత జంపర్ తీసేయడం మరిచిపోకూడదు.